ముప్పై మందికి ఉడుకు నీళ్లు

ఆలూర్ నుండి మెదక్‌కు క్రిస్మస్ పండుగకు బయలుదేరే కుటుంబాలకు అన్నము గురించి చింత లేదు. బియ్యము, పప్పు, చింతపండు, కారము అన్నీ ఇంటి నుండే మూటగట్టుకొని వస్తారు. పడక గురించి కూడ చింత లేదు. ట్రాక్టరు ట్రాలీలో వరిగడ్డి పరచి, పైన టార్పాలిన్ కట్టి, ప్రక్కన ఒక గుడారము వేస్తే అదే మూడు రోజుల ఇల్లు. చింతంతా వేడినీళ్ల గురించే. పండుగనాడు తెల్లవారకముందే ముప్పై మంది స్నానము చేసి ఆరాధనకు సిద్ధపడాలి. అన్ని వేడినీళ్లు ఎక్కడి నుండి తేవాలి?

ఇది కూడ ఒక సమస్యేనా అని కొందరు నవ్వవచ్చు. డిసెంబరు చివరి వారములో, ఆరుబయట, మంచు కురుస్తుండగా చంటిబిడ్డకు నీళ్లు పోసిన తల్లిని అడిగితే తెలుస్తుంది. మెదక్ ప్రాంతములో చలి ఎక్కువ. కొన్ని రాత్రులు వేడిమి 10 డిగ్రీల దగ్గరకు దిగుతుంది. అటువంటి వేళ బకెట్టు వేడినీళ్లు ముసలివారికి, పసివారికి విలాసము కాదు, అవసరము.

పసుపు చేల నుండి చర్చి మైదానానికి

ఆలూర్ ఆర్మూరుకు దగ్గరి ఊరు. 2022లో మండల కేంద్రమయింది. చుట్టూ పసుపు చేలు. జూన్ నెలలో పెట్టిన పసుపు డిసెంబరు నాటికి ఆకు పండబారుతూ ఉంటుంది. తవ్వకము, ఉడకబెట్టడము, ఎండబెట్టడము సంక్రాంతి తరువాత గాని ఊపందుకోవు. గనుక క్రిస్మస్ దినాలలో రైతుకు కొంత తీరిక, ట్రాక్టరుకు కూడ కొంత తీరిక.

ఆర్మూరు వద్ద 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, డిచ్‌పల్లి, ఇందల్వాయి, కామారెడ్డి మీదుగా రామాయంపేట చేరి, అక్కడ మెదక్ వైపు తిరగాలి. మొత్తము వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణము. పెద్దలు ఎడ్లబండ్లు కట్టుకొని పోయేవారు. తరువాతి తరము ట్రాలీలోనే కూర్చుండి పాటలు పాడుకుంటూ పోయేది. సరుకులు మోసే ట్రాలీలో మనుషులను ఎక్కించుకొని రహదారి మీద పోవడము చట్టమునకు విరుద్ధము, ప్రాణాలకు అపాయము. గనుక ఇప్పుడు మా సంఘము వారు బస్సులో వస్తారు. ట్రాలీ మాత్రము డేక్సాలు, డ్రమ్ములు, కట్టెలు, గడ్డి మోసుకొని ఒక దినము ముందే వచ్చి మైదానములో నిలుస్తుంది. అది నిలిచిన చోటే మా ఇల్లు.

మెదక్ చర్చి సంగతి మన పాఠకులకు క్రొత్త కాదు. కరవు కాలములో ఆకలిగొన్న ప్రజలకు పని కల్పించి, ఆ పనికి అన్నము పెట్టే ఉద్దేశముతో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో ఈ కట్టడము మొదలుపెట్టారు. పది సంవత్సరముల తరువాత, 1924 డిసెంబరు 25న, అది ప్రతిష్ఠింపబడింది. 2024తో నూరేండ్లు నిండాయి. 175 అడుగుల గోపురము దూరము నుండే కనబడుతుంది. లోపల దాదాపు 5,000 మంది కూర్చుండవచ్చును. పండుగకు వచ్చే జనము అంతకు ఎన్నో రెట్లు. మొదటి ఆరాధన తెల్లవారుజామునే గనుక అందరికీ ఒకే గడియలో, చలి మిక్కిలి ఎక్కువగా ఉన్న గడియలో, వేడినీళ్లు కావలసివస్తాయి. చిక్కంతా అక్కడే ఉన్నది.

చక్రాల ఇండ్లు మనకే కాదు

అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియా దేశాలలో కుటుంబాలు కారు వెనుక చక్రాల ఇల్లు తగిలించుకొని సెలవులకు పోతాయి. మంచాలు, వంటపొయ్యి, స్నానపు గది అన్నీ అందులోనే ఉంటాయి. అయినను వారికి కూడ మన చింతే. గ్యాసుతో నీళ్లు కాచే ట్యాంకు అమెరికాలోని ఇటువంటి అనేక ఇండ్లలో సుమారు 23 లీటర్లే పడుతుంది. ఒకరు షవరు తిప్పి దాని కింద నిలబడితే కొద్ది నిమిషాలలో అది ఖాళీ. వెనుక వచ్చేవారికి చల్లనీళ్లే. అందుచేత వారు ఒళ్లు తడవగానే కుళాయి కట్టివేసి, సబ్బు రుద్దుకొని, మరల తిప్పి కడుగుకుంటారు. మంచినీళ్లకు కొరతగా ఉండే ఓడలలో నావికులు అలవాటు చేసుకున్న పద్ధతి అది.

మన చెంబు స్నానము మొదటి నుండి అదే పద్ధతి కదా! చెంబు ఎత్తి పోసుకున్నప్పుడే నీళ్లు ఖర్చవుతాయి. షవరు కింద పది నిమిషాలు నిలబడితే 80 లీటర్లు పోవచ్చు. బకెట్టు, చెంబు ఉంటే 15 లీటర్లు చాలును. పల్లెటూరి అలవాటని దీనిని చిన్నచూపు చూడనవసరము లేదు.

ఒక పాలు మరిగేవి, రెండు పాళ్లు చల్లనివి

మనిషికి 15 లీటర్ల బకెట్టు అనుకుందాము. ముప్పై మందికి 450 లీటర్లు. ఈ అంకె వినగానే ఏదో పెద్ద బాయిలరు అద్దెకు తేవాలనిపిస్తుంది. కాని 450 లీటర్లు కాచనవసరము లేదు. డ్రమ్ములోని నీళ్లు 18 డిగ్రీలు, మరగడానికి సిద్ధముగా ఉన్న డేక్సా నీళ్లు 90 డిగ్రీలు ఉన్నాయనుకొనండి. ఒక పాలు వేడివి, రెండు పాళ్లు చల్లనివి కలిపితే సుమారు 42 డిగ్రీలవుతాయి. చలిలో ఒంటికి హాయిగా ఉండే వేడి అది. అనగా మనిషికి 5 లీటర్ల కాగిన నీళ్లు, 10 లీటర్ల చల్లనీళ్లు. ముప్పై మందికి కాచవలసినవి 150 లీటర్లే. 50 లీటర్ల డేక్సా మూడు మార్లు కాగితే సరిపోతుంది.

దీనివలన కట్టె ఖర్చు తగ్గదు. కావలసిన వేడి కావలసిందే. అయితే గిన్నె చిన్నదవుతుంది, పొయ్యి చిన్నదవుతుంది, ఎత్తి దింపే బరువు తగ్గుతుంది.

ఇక్కడ ఒక అలవాటు మానుకోవాలి. ఇంట్లో కాగులో నుండి ఒక బకెట్టు తీసుకున్నవారు మర్యాదగా మరొక బకెట్టు చల్లనీళ్లు అందులో పోస్తారు. నలుగురున్న ఇంటికి అది బాగుంటుంది. ముప్పై మంది వరుసలో నిలిచిన చోట అట్లా చేస్తే పదవ మనిషి వచ్చేసరికి కాగంతా గోరువెచ్చనై, అందులో చల్లనీళ్లు కలిపే పనే ఉండదు. ఇరవయ్యవ మనిషికి వణుకే మిగులుతుంది. గనుక రెండు డేక్సాలుండాలి. ఒకటి దింపి వాడుతుంటే రెండవది పొయ్యి మీద కాగుతుండాలి. దింపినదాని మీద మూత పెట్టి, చుట్టూ గోనెసంచులు కప్పితే వేడి చాలసేపు నిలుస్తుంది.

కట్టె సంగతి. మూడు రాళ్ల పొయ్యి మీద కట్టె వేడిలో సుమారు ఏడవ వంతే నీళ్లకు చేరుతుంది. మిగిలినది గాలికి పోతుంది. ఆ పొయ్యి మీద 150 లీటర్లు కాగడానికి ఎండిన కట్టె 20 కిలోల వరకు పడుతుందని మా లెక్క. పెండ్లి వంటలకు తవ్వినట్లు గాడిపొయ్యి తవ్వి, ప్రక్కలకు మట్టి మెత్తి, గాలి వచ్చే దిక్కున నోరుంచి, డేక్సాకు మూత పెడితే 12, 13 కిలోలతో సరిపెట్టవచ్చు. కంది కట్టె, గింజ తీసిన మక్క బెండ్లు త్వరగా అంటుకుంటాయి. తుమ్మ, వేప కట్టె నిలిచి మండుతుంది. ఏ కట్టెయైనను రాత్రి మంచుకు తడవకుండ కప్పి ఉంచాలి. తడి కట్టె తన నీటినే తాను కాచుకుంటుంది, మన నీళ్లు కాచదు.

మన పసుపు రైతుకు ఈ పాఠము క్రొత్త కాదు. వెనుకటి దినాలలో వెడల్పు కడాయిలో నీళ్లు పోసి, పసుపు కొమ్ములు వేసి, నురుగు వచ్చి వాసన తేలేవరకు ముప్పావు గంట, గంట ఉడికించేవారు. ఇప్పుడు ట్రాక్టరు వెనుక లాగే చక్రాల బాయిలర్లు చేల దగ్గరకే వస్తున్నాయి. పొయ్యి మీద పుట్టిన ఆవిరిని గొట్టము ద్వారా పసుపు నింపిన డ్రమ్ములలోకి పంపుతారు. కడాయి నిండ నీళ్లు మరిగించే పని లేదు. మూత ఉన్నందున వేడి వృథా కాదు. కట్టె, నీళ్లు, సమయము మిగులుతాయి. ఆ బాయిలరును మెదక్‌కు లాక్కొనిపోవాలని మా భావము కాదు. ఆవిరితో పనిచేసే యంత్రము తెలిసినవారి చేతిలోనే ఉండాలి. మూత పెట్టిన గిన్నె, గాలికి మరుగైన పొయ్యి అనే రెండు సంగతులు మాత్రము మనము నేర్చుకోవచ్చు.

గ్యాసు, కరెంటు, ఎండ

గ్యాసుతో అయితే 150 లీటర్లకు సుమారు 2 కిలోలు చాలును. 14.2 కిలోల సిలిండరులో అది ఏడవ వంతు. కాని ఇంటి పొయ్యి బర్నరు చిన్నది. దాని మీద 50 లీటర్లు కాగడానికి మూడు గంటలు పడుతుంది. వంటవారు వాడే పెద్ద బర్నరు ఉంటే గాని పని జరగదు. 1,000 వాట్ల హీటరు రాడ్డుతో అదే 50 లీటర్లకు నాలుగు గంటలకు పైగా పడుతుంది. తడి నేల మీద, అతుకుల వైర్లతో రాడ్డు పెట్టడము ప్రాణముతో చెలగాటము. ఇంట్లో వాడినను స్విచ్ ఆపి, ప్లగ్ తీసిన తరువాతనే నీళ్లలో చేయి పెట్టాలి.

ఎండకు ఖర్చు లేదు. నల్లరంగు పూసిన డ్రమ్మును 24వ తేదీ ఉదయము నుండి ఎండలో ఉంచితే మధ్యాహ్నము మూడు గంటలకు నీళ్ల చలి విరుగుతుంది. దానికి కొద్దిగా కాగిన నీళ్లు తోడయితే పసిపిల్లలకు, ముసలివారికి ఎండ ఉండగానే స్నానము అయిపోతుంది. తెల్లవారుజామున వారికి ముఖము, కాళ్లు కడిగి శుభ్రమైన బట్టలు తొడిగితే చాలును. పండుగ స్నానము పండుగ ఉదయమే చేయాలనే పట్టుదల పసిబిడ్డ విషయములో వద్దు. ఆ విధముగా పది మంది తగ్గితే మూడు డేక్సాలు రెండవుతాయి.

జాగ్రత్తలు కొన్ని చెప్పవలసి ఉన్నది. బకెట్టులో ముందుగా చల్లనీళ్లు పోసి, తరువాత వేడివి కలపండి. 60 డిగ్రీల నీళ్లు పెద్దవారి చర్మమును కూడ కొన్ని క్షణాలలోనే కాలుస్తాయి. పసివారి చర్మము ఇంకను పలుచన. పొయ్యి ట్రాలీకి దూరముగా, గడ్డికి దూరముగా ఉండాలి. చలిగా ఉన్నదని నిప్పుల కుంపటిని టార్పాలిన్ లోపలకు తేవద్దు. నిప్పుల నుండి వచ్చే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీస్తుంది. గాలి ఆడని స్నానపు గదిలో గ్యాసు గీజరు వెలిగించినను అదే అపాయము.

స్త్రీల స్నానపు మరుగు కొరకు ట్రాలీ ప్రక్కన నాలుగు వెదుర్లు పాతి టార్పాలిన్ చుట్టండి. కింద నాపరాయి గాని, పలకలు గాని వేయండి. నీళ్లు పోవడానికి చిన్న కాలువ తీయండి. లాంతరు లోపల పెడితే లోపలివారి నీడ గుడ్డ మీద పడుతుంది. గనుక దీపము బయటనే, ఎత్తుగా కట్టండి. ఇది చిన్న మాటే గాని, దీనిని ఆలోచించని గుంపులలో స్త్రీలు స్నానమే మానుకుంటారు.

వేడి తెలియని కాళ్లు

ఆర్మూరు నుండి మెదక్ పోయే దారిలో డిచ్‌పల్లి వస్తుందని చెప్పుకున్నాము. 1907లో భర్త జార్జ్ కెర్‌తో కలిసి మన దేశానికి వచ్చిన స్కాట్లండు వైద్యురాలు ఇసబెల్ కెర్ దొరసానిగారు ఇక్కడ కుష్ఠు రోగుల కొరకు ఆసుపత్రి నెలకొల్పారు. 1915 నాటికి అది నడవసాగింది. క్రైస్తవుడు కాకపోయినను రాజా నర్సాగౌడ్ గారు దానికి ధారాళముగా ధనసహాయము చేశారు. ఊరికి వెలియైనవారికి ఒళ్లు కడిగి కట్టు కట్టే చోటు అది. 1980ల నుండి రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చి, కుష్ఠు పూర్తిగా నయమవుతున్నది. అయితే రోగము పోయినను, అంతకుముందే చచ్చుబడిన నరాలకు స్పర్శ తిరిగి రాకపోవచ్చు. అటువంటి కాళ్లను దినము మామూలు నీళ్లలో నానబెట్టి, నూనె రాయాలి. వేడినీళ్లు పోయకూడదు. కాలినను తెలియదు గనుక. చక్కెర జబ్బుతో పాదాలు మొద్దుబారినవారికి కూడ ఇదే మాట.

కొన్నేండ్ల క్రిందట మా గుంపులో అటువంటి ఒక అవ్వ వచ్చింది. తెల్లవారుజామున అందరు బకెట్లతో వరుస కట్టగా ఆమె గడ్డి మీదనే కూర్చుండి ఉన్నది. ఇంటర్ చదివే ఒక అమ్మాయి చూచి అడిగింది.

"అవ్వా, నువ్వు తానం చెయ్యవా?"

"నా కాళ్లకు ఉడుకు తెల్వది బిడ్డా. కాలినా ఎరుక కాదు. సల్లనీళ్లే నయం. తెల్లారినంక పోస్కుంట."

"నా మోచేయికి తెలుస్తది గద అవ్వా. నేను చూసి పోస్త."

ఆ అమ్మాయి తన బకెట్టులోనే నీళ్లు కలిపి, మోచేయి ముంచి చూచి, ఇంకొన్ని చల్లనివి పోసి, మరల చూచి, అవ్వకు స్నానము చేయించింది. కాళ్లకు మాత్రము చల్లనీళ్లే పోసి, వ్రేళ్ల సందులు తుడిచి, నూనె రాసింది. ఆమె తిరిగి వచ్చేసరికి డేక్సా అడుగంటింది. రాత్రి రెండు గంటల నుండి పొయ్యి ఎగదోస్తున్న ఆమె తల్లికి కూడ నీళ్లు మిగలలేదు. తల్లీ కూతుండ్లు ఇద్దరు చల్లనీళ్లే పోసుకొని, తడి తలలతో వణుకుతూ ఆరాధనకు వచ్చారు.

అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి ఏడు ప్రయాణము గురించి మాట్లాడుకొనే కూడికలో ఆ తల్లి లేచి ఒక్క మాట చెప్పింది. "అయ్యగారూ, పొయ్యి కాడ ఉండేటోళ్ల బకెట్లు ముందుగాల పక్కకు పెట్టుండ్రి."

ఆ మాట విన్న తరువాత మా లెక్కలన్నిటికి అర్థము వచ్చింది. ఎన్ని లీటర్లు కాగాయి అన్నది సగము ప్రశ్నే. చివర ఎవరు నిలిచారు అన్నది మిగిలిన సగము. ఏ ఇంట్లోనైనను చూడండి. నీళ్లు తోడేది, కట్టె పెట్టేది, పిల్లలకు పోసేది స్త్రీలు. చల్లారిన అడుగు నీళ్లు మిగిలేది కూడ వారికే. 150 లీటర్లకు బదులు 300 లీటర్లు కాచినను, వరుస మారకపోతే చివరి మనిషి మారదు.

గనుక మా సంఘములో ఇప్పుడు ఒక క్రమము ఉన్నది. మొదటి డేక్సా దిగగానే పొయ్యి దగ్గర పనిచేసేవారి పాలు మూతగల క్యానులో పోసి, గోనె చుట్టి ప్రక్కన పెడతాము. తరువాత బాలింతలకు, జబ్బుతో ఉన్నవారికి, తెల్లవారుజామున స్నానము తప్పనిసరియైన పెద్దలకు. ఆ తరువాత స్త్రీలకు, పిల్లలకు. యౌవనస్థులైన మగవారు చివర. వారికి చాలకపోతే చల్లనీళ్లు పోసుకొనే బలము దేవుడు వారికి ఇచ్చియున్నాడు. పొయ్యి ఎగదోయడము కూడ వంతుల ప్రకారము మగవారికే అప్పగించాము. మొదట కొందరు గొణిగారు. ఇప్పుడు వంతు కొరకు పోటీ పడుతున్నారు. పొయ్యి దగ్గర చలి తెలియదు కదా!

ప్రభువు తన శిష్యుల పాదములు కడిగిన సంగతి శ్రమల వారములో ప్రతి ఏడు వింటాము. ఆ పళ్లెములోని నీళ్లు వేడివో చల్లనివో సువార్తలో చెప్పలేదు. ఎవరు ఎవరికి కడిగారన్నదే చెప్పబడింది.

ప్రియ పాఠకులారా, ఈ ఏడు మీరు మెదక్‌కే గాని, మరి ఏ కూటములకే గాని కుటుంబాలతో బయలుదేరితే, బియ్యము మూట కట్టేటప్పుడే రెండు డేక్సాలు, రెండు మూతలు, నాలుగు గోనెసంచులు, ఒక నల్ల డ్రమ్ము ట్రాలీలో వేసుకొనండి. మీతో వచ్చేవారి పేర్లు ఒక కాగితము మీద వ్రాసి, నీళ్ల వరుస ఇంటి దగ్గరనే నిర్ణయించుకొనండి. ఆ కాగితము మీద మొదటి పేరు నీళ్లు కాచేవారిదై యుండవలెను. దేవుడు మీ ప్రయాణమును దీవించును గాక.